మిద్దె తోటకి విత్తనాలు: ఏవి, ఎన్ని, ఎప్పుడు తెప్పించుకోవాలి

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో 200 చదరపు అడుగుల మిద్దె, ఇంట్లో నలుగురు. ఆన్‌లైన్‌లో "45 రకాల కాంబో" కనబడింది, తొలకరికి అది తెప్పించుకోవచ్చా అని. పోయినేడు కాకర సగం మొలవలేదు, ఆగస్టులో నాటిన కాలీఫ్లవర్ ఆకులేసిందే గాని పువ్వు కట్టలేదు, ఫిబ్రవరిలో పెట్టిన చిక్కుడు పందిరంతా పాకినా పూత రాలేదు. ఈసారి నాటు విత్తనం కొనాలా, హైబ్రిడ్ కొనాలా అన్నది మీ చివరి ప్రశ్న.

కాంబో వద్దండి. లెట్యూస్, బ్రోకలీ, సెలరీ, పార్స్లీ, కేల్, ఎర్ర క్యాబేజీ లాంటివి కలిస్తేనే ఆ 45 నిండుతుంది. అవన్నీ చలి పంటలు. లెట్యూస్ గింజ మట్టి వేడి 30 డిగ్రీలు దాటితే నిద్రలోకి పోతుంది, ఎన్ని నీళ్ళు పోసినా లేవదు. మిగిలినవాటిలో కూడా ఒక్కో పొట్లంలో సొర గింజలు నాలుగు, బెండ గింజలు పది ఉంటాయి. పది బెండ మొక్కలతో నలుగురికి ఒక పూట కూర రావాలంటే మూడు నాలుగు కోతల కాయలు పోగేయాలి. ఇంకో లోపం అన్నిటికన్నా పెద్దది. ఇవి చాలావరకు పెద్ద డబ్బాల నుంచి జిప్ కవర్లలోకి మార్చినవే. వాటి మీద లాట్ నంబరు (ఏ బ్యాచ్ గింజో చెప్పేది), మొలక పరీక్ష తేదీ ఉండవు. ఆ రెండూ లేని గింజ వయసెంతో అమ్మేవాడికే తెలియకపోవచ్చు.

మీ మూడు వైఫల్యాలూ ఒక జాతివి కావు. వేటి వల్ల జరిగాయో తేలితే ఏం కొనాలో దానంతటదే తేలుతుంది.

చిక్కుడు సంగతి ముందు. మన పాత తీగ చిక్కుళ్ళు పగటి పొద్దు తగ్గుతున్నప్పుడే పూస్తాయి. జూన్ నుంచి ఆగస్టు లోపు పెడితే దసరా దాటాక పూత మొదలై సంక్రాంతికి విరగకాస్తాయి. ఫిబ్రవరిలో పెడితే ముందున్నదంతా పొద్దు పెరిగే కాలం, కాబట్టి ఆకే పెరుగుతుంది. ఎరువేసినా, తలలు తుంచినా లాభం లేదు. వేసవిలోనూ చిక్కుడు కావాలంటే బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క జయ్, అర్క విజయ్ రకాలు చూడండి. ఇవి పొట్టి మొక్కలు, పొద్దుతో పనిలేకుండా పూస్తాయి, పందిరి కూడా అక్కర్లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఎదురయ్యే సమస్యకు మూలం కూడా ఇదే. అక్కడ వేసవి పగళ్ళు ఇంకా పొడుగు, కాబట్టి ఊరి నుంచి వెళ్ళిన చిక్కుడు గింజ సెప్టెంబరు దాకా పూయదు. ఉత్తరాది రాష్ట్రాల్లోనైతే కాయ పడే వేళకి మంచు వచ్చి తీగను కాల్చేస్తుంది. వాళ్ళకి కూడా ఈ పొట్టి రకాలే దిక్కు. ఉల్లిది దీనికి సరిగ్గా తలకిందులు. చలిదేశాల ఉల్లి రకాలకు గడ్డ కట్టాలంటే పొడుగు పగళ్ళు కావాలి. విదేశీ పొట్లం ఎంత అందంగా ఉన్నా మన దగ్గర ఉల్లికాడలు తప్ప గడ్డ చూడలేరు.

కాలీఫ్లవర్‌కి కావలసింది చలి. పేరొక్కటే అయినా రకాలు గుంపులుగా ఉంటాయి. పూసా దీపాలి లాంటి ముందస్తు రకాలు 20 నుంచి 25 డిగ్రీల్లో పువ్వు కడతాయి. స్నోబాల్ గుంపుకి 10 నుంచి 16 డిగ్రీలు ఉండాలి, అదీ కొన్ని వారాల పాటు. హైదరాబాద్ చలికాలంలో రాత్రుళ్ళు అంత చల్లబడినా పగలు 28కి పోతుంది. మీ పొట్లం మీద ఉత్త "కాలీఫ్లవర్" అని ఉంటే అది ఏ గుంపుదో తెలిసే దారి లేదు. ముందస్తు రకం తెచ్చి, ఆగస్టు, సెప్టెంబరుల్లో నారు పోసి, సెప్టెంబరు, అక్టోబరుల్లో నాటుకోవాలి. నిజానికి 200 అడుగుల చోటులో కాలీఫ్లవర్ దండగ అని నా అభిప్రాయం. ఒక కుండీ మూడు నెలలు నిండి ఉంటే వచ్చేది ఒక్క పువ్వు. అదే కుండీలో వంగ మొక్క ఆరు నెలలు కాస్తుంది.

కాకర మొలవకపోవడంలో మాత్రం గింజ నాణ్యతకీ పాత్ర ఉండొచ్చు, కాని ఎక్కువసార్లు తప్పు నానబెట్టడంలోనే ఉంటుంది. కాకర పెంకు మందం. పొడి గింజను నేరుగా తడి కోకోపీట్‌లో (కొబ్బరి పొట్టులో) పెడితే పెంకు లోపలే కుళ్ళుతుంది. మొన వైపు అంచుని గోళ్ళ కత్తెరతో కొంచెం విరిచి, లోపలి పప్పు తెగకుండా చూసి, 12 నుంచి 24 గంటలు గోరువెచ్చని నీళ్ళలో నానేయండి. తర్వాత తడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి. తెల్లటి మొలక కనబడగానే ఒక అంగుళం లోతున, మొలక కిందికి ఉండేలా పెట్టాలి. వారం నుంచి రెండు వారాలు పడుతుంది. చాలామంది ఐదో రోజునే తవ్వి చూసి పాడుచేస్తారు. బీర, సొరలకి ఆరేడు గంటల నానుడు చాలు.

నాటు, హైబ్రిడ్ గొడవ దగ్గరికొద్దాం. పొట్లాల మీద మూడు మాటలు కనిపిస్తాయి. దేశవాళీ లేదా నాటు అంటే ఊళ్ళలో రైతులు తరతరాలుగా కట్టుకుంటూ వచ్చింది. సూటి రకం అంటే పరిశోధన స్థానాలు ఎంపిక చేసి స్థిరపరిచింది. పూసా, అర్క, కోయంబత్తూరు పేర్లతో వచ్చేవాటిలో ఎక్కువ ఇవే. ఈ రెండింటి నుంచీ గింజ కట్టుకోవచ్చు. ఎఫ్1 హైబ్రిడ్ రెండు వేరు వేరు లైన్ల సంకరం. ఆ కాయల గింజ పెడితే మరుసటి తరంలో తలో తీరు మొక్కలు వస్తాయి, కాబట్టి ప్రతిసారీ కొనాల్సిందే. హైబ్రిడ్ అంటే జన్యుమార్పిడి అని భయపడేవాళ్ళు చాలామంది ఉన్నారు, అది కాదు. మన దేశంలో బీటీ వంగను 2010లోనే ఆపేశారు. మార్కెట్లో దొరికే కూరగాయల హైబ్రిడ్లు మామూలు పరపరాగ సంపర్కంతో చేసినవే.

నా మాట అడిగితే పంటను బట్టి కొనండి, పట్టుదలకు పోవద్దు. బీర, సొర, గోంగూర, తోటకూర, బచ్చలి, చిక్కుడుకి హైబ్రిడ్ మీద డబ్బు పెట్టనక్కర్లేదు. టమాటా, బెండ దగ్గర మాత్రం వైరస్ తెగుళ్ళను తట్టుకునే గుణానికి విలువుంది. టమాటాకి ఆకుముడత వచ్చిందంటే ఆ మొక్క పని అయిపోయినట్టే, మందు లేదు. అర్క రక్షక్ హైబ్రిడ్ ఆకుముడతనీ, వడలు తెగులునీ, ఆకుమాడునీ మూడింటినీ తట్టుకుంటుంది. సూటి రకమే కావాలంటే పీకేఎం-1 తీసుకోండి. గుబురుగా కొంత ఎత్తుకి పెరిగి ఆగుతుంది, మిద్దె మీది గాలికి విరగదు. పూసా రూబీ ఆగకుండా సాగుతుంది, ఐదడుగుల కర్ర కట్టక తప్పదు. బెండలో పూసా సావనిని పాత పేరు చూసి కొనకండి. దానికి పల్లాకు తెగులుని తట్టుకునే శక్తి ఎప్పుడో పోయింది, ఆకు ఈనెలు పసుపు రంగుకి మారి కాయలు తెల్లగా పాలిపోతాయి. పర్భని క్రాంతి, అర్క అనామిక అంతకన్నా నయం, అవి కూడా ఇప్పుడు పూర్తిగా తట్టుకుంటాయని చెప్పలేం. వానాకాలం బెండకి తెగులు తట్టుకుంటుందని పొట్లం మీద స్పష్టంగా రాసిన హైబ్రిడ్ కొంటే తప్పులేదు.

వంగలో భాగ్యమతి మన నేలలో పుట్టిన రకం, గుత్తి వంకాయ కూరకి సరిపోయే ఊదా కాయలు. మిర్చికి పచ్చివీ పండువీ రెండూ కావాలంటే జి-4, అదే భాగ్యలక్ష్మి. గోరుచిక్కుడుకి పూసా నవబహార్ కొమ్మలు లేకుండా ఒకే కాండంగా పెరుగుతుంది, కుండీలో ఐదారు దగ్గరగా పెట్టుకోవచ్చు. సొరకి పూసా సమ్మర్ ప్రాలిఫిక్ లాంగ్. ముల్లంగి ఎండాకాలంలోనో వానాకాలంలోనో పెడితే పూసా చేత్కీయే పెట్టండి, మిగతావి చలికి.

కీరదోసలో ఒక చిక్కుంది. పాలీహౌస్ (ప్లాస్టిక్ షీటు కప్పిన పంట గది) కోసం చేసిన కీర హైబ్రిడ్లు తేనెటీగలు లేకుండానే, గింజ లేని కాయలు కాస్తాయి. పై అంతస్తుల్లో ఈగలే రాని మిద్దెలకి అవి వరమే, గింజ ధర మాత్రం ఎక్కువ. మామూలు కీర, సొర, బీర, కాకర పెడితే ఈగలు రావాలి, లేదంటే మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకి మీరే అద్దాలి. కాకర, కీర పొద్దున్నే విచ్చుకుంటాయి, సొర, బీర సాయంత్రం. పొద్దున తొమ్మిదింటికి సొరపువ్వు అద్ది, పిందె రాలిందని విత్తనాన్ని తిట్టి లాభం లేదు. ఏప్రిల్, మే ఎండల్లో తీగలన్నిటికీ మగపూలే ఎక్కువ వస్తాయి, అది కూడా గింజ తప్పు కాదు.

అసలు గింజ కొనకూడనివి కొన్ని ఉన్నాయి, ఆన్‌లైన్‌లో మాత్రం అమ్ముతూనే ఉంటారు. దొండ కొమ్మతో పెంచాలి. గింజ పెడితే మగ తీగ వస్తే ఒక్క కాయా కాయదు. ఎవరి పెరట్లోనో బాగా కాసే తీగ నుంచి పెన్సిల్ లావు కొమ్మ, జానెడు ముక్క అడిగి తెచ్చుకోండి. ఆకాకరకి దుంపలు కావాలి, పది ఆడ తీగలకి ఒక మగ తీగైనా ఉండాలి. కరివేపాకు గింజ పండు నుంచి తీసిన కొద్ది వారాల్లోనే చచ్చిపోతుంది, పొట్లంలో ఎండి వచ్చింది మొలవదు. పుదీనాకి కాడ చాలు. ధనియాలు, మెంతులు వంటింటివే చాలు, ధనియాన్ని చేత్తో నలిపి రెండు పప్పులుగా విడగొట్టి చల్లండి. మసాలాకి వచ్చే ధనియం తొందరగా పూతకి వెళ్తుంది, ఆకు తక్కువ. ఆకు ఎక్కువ కావాలనుకుంటే ఆకు కోసమని రాసిన పొట్లం కొనండి. నీలం స్ట్రాబెర్రీ, రంగురంగుల మిర్చి బొమ్మలున్న పొట్లాల గురించి చెప్పేదేముంది, బొమ్మలో రంగు కంప్యూటర్‌ది.

ఇక లెక్క. నాలుగు టమాటాలు కోయడానికి ఎన్ని మొక్కలు, ఎన్ని గింజలు? మీ ఇంటికి టమాటా 8, వంగ 4, మిర్చి 6, బెండ 20, గోరుచిక్కుడు 20, బీర 2, కాకర 3, సొర 1, చిక్కుడు 2. చోటు దీనికే సరిపోతుంది. ఆకుకూరలకి రెండు వెడల్పు తొట్లు. గ్రాము టమాటాలో సుమారు 300 గింజలు, వంగలో 200 పైన, మిర్చిలో 150 దాకా ఉంటాయి. బెండ గ్రాముకి 15 నుంచి 18, కాకర ఐదారు. తోటకూర గ్రాములో వేలల్లో ఉంటాయి. అంటే టమాటా, వంగ, మిర్చి ఒక్కో గ్రాము పొట్లం మూడేళ్ళకి ఎక్కువ, బెండ 10 గ్రాములు రెండు సీజన్లకి సరిపోతాయి. ఎన్ని గింజలు పెట్టాలో తెలియాలంటే కావలసిన మొక్కల్ని మొలక శాతంతో భాగించి, నారుకుళ్ళుకీ ఎండకీ పోయేవాటికి మూడో వంతు కలపండి. మిర్చికి చట్టం అడిగే కనీస మొలక 60 శాతమే. ఆరు మొక్కలు కావాలంటే పది గింజలు, నష్టంతో కలిపి పద్నాలుగు, పదిహేను. కావలసింది ఇంత తక్కువ కాబట్టి పావలా ఆదాకి చూడక్కర్లేదు, తాజా గింజకి రెట్టింపు పెట్టినా నష్టం లేదు.

కొనేటప్పుడు ముందు పొట్లం తిప్పి వెనక చూడండి. రకం పేరు, లాట్ నంబరు, పరీక్ష చేసిన తేదీ, చెల్లుబాటు తేదీ, మొలక శాతం, శుద్ధత, నికర బరువు, అమ్మే సంస్థ చిరునామా ఉండాలి. 1966 విత్తన చట్టం ప్రకారం ఇవి రాయడం తప్పనిసరి. చెల్లుబాటు సాధారణంగా పరీక్ష తేదీ నుంచి 9 నెలలు. కనీస మొలక టమాటా, వంగ, ఉల్లికి 70 శాతం, బెండకి 65, తీగ జాతులకి 60. సర్టిఫైడ్ విత్తనానికి నీలం ట్యాగు, కంపెనీయే పూచీ పడే విత్తనానికి లేత ఆకుపచ్చ లేబుల్. కూరగాయల చిన్న పొట్లాల్లో ఎక్కువ రెండో కోవవే, అది తప్పేం కాదు. ఆన్‌లైన్‌లో పొట్లం వెనక ఫొటో పెట్టని అమ్మకందారుని అడగండి. పరీక్ష తేదీ చెప్పకపోతే వదిలేయండి. ఉల్లి గింజ ఏడాది దాటితే కొనొద్దు, అన్నిటిలోకీ ముందు చచ్చేది అదే. బెండకి రెండేళ్ళు, మిర్చికి రెండు మూడేళ్ళు, టమాటా, వంగ, తీగ జాతులు బాగా దాస్తే నాలుగేళ్ళు కూడా ఆగుతాయి.

గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగు పూసి ఉన్న గింజలు థైరమ్, కాప్టాన్ లాంటి శిలీంధ్రాల (బూజుల) మందు పట్టించినవి. అవి పాడయినవి కావు, రంగు హెచ్చరిక కోసమే. చేతికి తొడుగు వేసుకోండి, వంటింటి గిన్నెల్లో నానబెట్టకండి, మిగిలితే పిట్టలకి వేయకండి. వాటికి మళ్ళీ తెగుళ్ళని ఆపే ట్రైకోడెర్మా పొడి పట్టించడం అనవసరం. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే, ఆ మందు దాన్నీ దెబ్బతీయొచ్చు. మందు లేని గింజ కావాలనుకుంటే కొనేముందే అడగండి, కడిగితే పోదు.

దొరికే చోట్లు: హెసరఘట్ట సంస్థ తన విత్తన పోర్టల్ ద్వారా అర్క రకాలను పోస్టులో పంపుతుంది, చిన్న పొట్లాలూ ఉంటాయి. అన్నివేళలా అన్నీ ఉండవు కాబట్టి సీజన్‌కి నెల ముందే చూడాలి. జాతీయ విత్తన సంస్థ కూడా ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. మీకు దగ్గర్లో రాజేంద్రనగర్ కూరగాయల పరిశోధన స్థానం ఉంది, ఫోన్ చేసి ఏముందో కనుక్కుని వెళ్ళండి. ఊళ్ళో విత్తనాల కొట్టు కూడా మంచిదే, కాకపోతే అద్దాల బీరువాలో ఎండ తగిలేచోట వేలాడదీసిన పొట్లం వద్దు, లోపలి అరలోది అడగండి. విదేశాల నుంచి తెప్పించే ముచ్చట మానుకోండి. అనుమతి పత్రం, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా గింజ తెప్పించడం చట్ట విరుద్ధం. అమెరికాకి పంపాలన్నా అక్కడి వ్యవసాయ శాఖ పర్మిట్ ఉండాలి, సూట్‌కేసులో చీరల మధ్య దాచడం పరిష్కారం కాదు.

ఆర్డర్ తేదీ: మృగశిర కార్తెకి, అంటే జూన్ 8 ప్రాంతానికి, విత్తడం మొదలుపెట్టాలంటే మే మొదటి వారానికల్లా గింజ చేతికి రావాలి. మొలక పరీక్షకే రెండు వారాలు పోతుంది. చలికాలం పంటలకి జులై ఆఖరుకీ, వేసవి తీగలకి డిసెంబరుకీ తెప్పించండి. వేసవిలో కొరియర్ వచ్చిన పొట్లాన్ని మీటరు బోర్డు మీద ఎండలో వదిలేయించకండి. టమాటాని ఫిబ్రవరి, మార్చిలో నాటేందుకు కొనకండి. రాత్రి ఉష్ణోగ్రత 24 దాటితే పూత రాలుతుంది, మొక్క బతికినా కాయ ఉండదు.

పరీక్షకి 20 గింజలు లెక్కపెట్టి, తడిపి పిండిన టిష్యూ పేపరు మధ్య పరిచి, చుట్టి, మూతి వదులుగా ఉన్న కవర్లో పెట్టండి. టమాటా, వంగ, మిర్చికి 14 రోజులు ఆగాలి, కీరకి 8 చాలు. 20లో 14 మొలిస్తే 70 శాతం. పదికి తక్కువైతే పారేయకుండా రెట్టింపు ఒత్తుగా పెట్టుకోండి, నాలుగైదే మొలిస్తే గింజ ముసలిది. సొర, కాకర లాంటివి పొట్లంలో పదే ఉంటే పరీక్షకని వేరే తీయొద్దు, అన్నీ గుడ్డలోనే మొలిపించి మొలకల్నే నాటండి.

మిగిలిన గింజ అసలు పొట్లంలోనే మడిచి, సిలికా జెల్ సంచితో పాటు గాజు సీసాలో బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. గింజలో తేమ ఒక శాతం తగ్గినా, దాచే చోటు 5 డిగ్రీలు చల్లబడినా ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో ఒక స్థూల లెక్కుంది. వానాకాలం తేమలో వంటింటి అల్మరా గింజకి శత్రువు. సీసా బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా, కనీసం రెండు మూడు గంటలు, మూత తీయకండి. వెంటనే తీస్తే గింజల మీద చెమ్మ పడుతుంది. చిక్కుడు, బొబ్బర్లని ముందు నాలుగు రోజులు బాగా ఎండబెట్టి ఆపైన డీప్ ఫ్రీజర్లో వారం ఉంచితే పుచ్చు పురుగు గుడ్లతో సహా చస్తుంది. సొంత సొర గింజ కట్టుకుంటే, ఆ తీగ కాయ ముక్కని నాలికకి తాకించి చూశాకే గింజ తీయండి. చేదుగా ఉంటే గింజా వద్దు, కూరా వద్దు, చేదు సొర వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలు చేస్తుంది.

పొట్లం చించేటప్పుడు లాట్ నంబరు ఉన్న వైపు కాకుండా రెండోవైపు చించండి. పొట్లం, బిల్లు, అడుగున ఐదారు గింజలు కోత అయ్యేదాకా ఉంచండి. మొలక రాకపోయినా, రాసిన రకం కాక వేరేది కాసినా అమ్మినవాడిని అడగడానికీ, అక్కడ తేలకపోతే మండల వ్యవసాయాధికారి దగ్గరికి వెళ్ళడానికీ మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.